వెనక చాప మీద కూర్చున్నవాళ్ళు

మొన్న ఆదివారం మనవరాలి చెయ్యి పట్టుకుని కామారెడ్డిలో గుడికి వెళ్ళాను. గుడి అంటే చర్చి. మా ఈడు క్రైస్తవులకు ఆ మాట విడమరచి చెప్పక్కరలేదు గాని, పొరపాటున చిన్నవాళ్ళెవరైనా ఇది చదివితే తికమకపడతారని చెబుతున్నాను. ఇప్పుడున్న పాస్టరయ్య కుర్రవాడు, మా పెద్ద మనవడి ఈడువాడు, చక్కని గొంతు, ఆ గొంతుకు తోడు ఒక మైకు. ఆ రోజు ఆయన ఆడవాళ్ళు కడుపు తీయించుకోవడం మీద ప్రసంగం చేశాడు. అది ఎంత ఘోరమో, దేవుని ముందు దానికేం జవాబు చెప్పుకోవాలో చెయ్యి ఊపుతూ చెబుతుంటే మగవాళ్ళు తలలాడిస్తున్నారు, ఆడవాళ్ళు నేల చూస్తున్నారు. అంతలో నా ముందు వరసలో కూర్చున్న ఒక కొత్త కోడలు కొంగు తలమీదికి లాక్కుని, మెల్లగా లేచి, బయట చెప్పులు విడిచే మెట్టు మీదికి పోయి కూర్చుంది. చంటిపిల్లల తల్లులు అట్లా లేచి బయటికి పోవడం మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చేతిలో పిల్ల లేదు. నేను కొంగుతో మొహం తుడుచుకుని విసురుకుంటుంటే మనవరాలు నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది. ముసలిదానికి ఉక్కపోసిందనుకుంది పాపం.

మా బాపు, అంటే నాన్న, ఎల్లారెడ్డిలో సంఘానికి అయ్యగారుగా, ఇప్పటి మాటలో పాస్టరుగా ఉండేవాడు. నిజాం సర్కారు రోజులు, దూరదేశాల్లో పెద్ద యుద్ధం వస్తుందట అని బాటసారుల నోట అప్పుడప్పుడే వినపడుతున్న కాలం. మిషన్ దొరసానుల బోర్డింగు బడిలో ఏడో తరగతి ముగించుకుని ఇంటికి వచ్చిన నేను, గుడి వసారాలో నడిచే చిన్న బడిలో పిల్లలకు అ ఆలు దిద్దించే పనికి కుదిరాను. పదహారేళ్ళ పంతులమ్మను. పిల్లలు భయపడాలని కనుబొమ్మలు ముడిచి కూర్చునేదాన్ని, వాళ్ళేమో నా మొహం చూసి నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళు. అన్న కామారెడ్డి స్టేషనులో సరుకుల షెడ్డు దగ్గర పనిచేసేవాడు. అక్కడ కాపురానికి ఇల్లు దొరకక, కొత్తగా పెళ్ళయిన వదినను మా దగ్గర ఉంచి, వీలైనప్పుడు వచ్చిపోతుండేవాడు. వదినది మాచారెడ్డి దిక్కు ఊరు. నాకంటే రెండేళ్ళే పెద్ద. ఆమెను కంటూనే కన్నతల్లి పోయిందట, అందుకని మా అవ్వను, అంటే మా అమ్మను, అత్తా అని పిలిచినా తల్లిని పట్టుకున్నట్టే కొంగు పట్టుకుని తిరిగేది.

బాపు మాటకు సంఘంలో ఎంత విలువ ఉండేదో ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మా వాళ్ళందరూ రెక్కల కష్టం మీద బతికేవాళ్ళు, పటేండ్ల పొలాల్లో నాట్లు, కోతలు, పైసా ఇవ్వకుండా చేయించుకునే వెట్టి మోతలు. సర్కారు చట్టాన్ని వాళ్ళెవరూ కంటితో చూసి ఎరుగరు, బాపును మాత్రం ప్రతి ఆదివారం చూసేవాళ్ళు. పిల్లకు సంబంధం కుదుర్చుకోవాలన్నా, గేదె అమ్మాలన్నా, మొగుడు కొడితే పుట్టింటికి పోవాలా ఉండాలా అన్నా ముందు అయ్యగారిని అడగాలి. ఆయన ఔనంటే ఔను. మనిషి మాత్రం కఠినుడు కాదు, కోడిపిల్ల చచ్చినా అన్నం సరిగా తినలేడు, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకే తెలుసు. గుడిలో నిలబడితే ఆయన గొంతు వేరే.

అప్పట్లో గుడిలో కుర్చీలు లేవు, చాపలే. శనివారం సాయంత్రం వాటిని దులిపి పరచడం నా పని. మగవాళ్ళవి ఒకవైపు, ఆడవాళ్ళవి ఒకవైపు, అన్నింటికంటే వెనక తలుపు పక్కన అంచులు ఊడిపోయిన పొట్టి చాప ఒకటి. తాగి తలలు పగలగొట్టుకున్నవాళ్ళు, పెళ్ళాన్ని ఎల్లగొట్టినవాళ్ళు, ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని సంఘపెద్దలు తీర్పు చెప్పినవాళ్ళు దాని మీద కూర్చోవాలి. ప్రభువు శరీరమని రొట్టె ముక్కలు పంచే సంస్కారపు ఆదివారం ఆ పళ్ళెం అక్కడి దాకా రాదు. ఆ చాప మీద ఉండగా కన్నుమూస్తే గుడి వెనక సమాధుల తోటలో జాగా ఉండదు, వాగు ఒడ్డున ఎక్కడో పూడ్చుకోవాలి. మా వాళ్ళకు బతికున్నన్నాళ్ళు సొంత భూమి లేదు, చచ్చాక దొరికే ఆ ఆరడుగుల మీద ఎంత ఆశో చెప్పలేను. అందుకే ఆ చాపంటే అందరికీ హడలు. నేనైతే దాన్ని చేత్తో ముట్టుకోకుండా కాలి బొటనవేలితో జరిపి పరిచేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం చివర మా సంఘంలో ఒక పిల్ల చచ్చిపోయింది. ఎవరో నాటు మంత్రసాని ఇచ్చిన మందేదో మింగి కడుపు పోగొట్టుకోబోయి, రెండు రోజులు విలవిలలాడి ప్రాణం వదిలింది. పెళ్ళయిన పిల్లే, మొగుడు బొంబాయి పోయి తిరిగి రాలేదు. బాపు ఆ పిల్లకు చిన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చినవాడు, తానే మట్టి వేసి వచ్చాడు. ఆ రోజంతా గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అన్నం ముట్టలేదు. మళ్ళీ అటువంటి చావు తన మందలో జరగకూడదని ఆయన భయం. ఆ భయాన్నే పట్టుకుని ఆదివారం గుడిలో నిలబడ్డాడు. కడుపులో పడ్డ ప్రాణం దేవునిది, దాన్ని తీసే హక్కు తల్లికి కూడా లేదని చెప్పాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. మాట్లాడుతూ మాట్లాడుతూ, తెలిసి చేసినా, తెలిసీ తెలియక చేసినా, తన చేతుల మీదుగా కడుపు పోయిందంటే అది హత్యేనని, అటువంటివాళ్ళు ఈ బల్ల దగ్గరికి రావద్దని, తమంతట తామే వెనక చాప మీదికి పోవాలని అన్నాడు.

ఆ మాట ఆయనకు ఒక దారిన వచ్చింది, ఆడవాళ్ళకు ఇంకో దారిన తాకింది. నాట్ల కాలంలో మోకాలి లోతు బురదలో పొద్దంతా వంగి, నారు కట్టలు, ధాన్యం బస్తాలు మోసే ఆడవాళ్ళకు కడుపులు పోవడం కొత్త కాదు. ఏడ్చుకునేవాళ్ళు, రెండు రోజులు పడుకునేవాళ్ళు, మళ్ళీ పొలానికి పోయేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు కూర్చుని లెక్కలు తీయడం మొదలుపెట్టారు. కడుపుతో ఉన్నానని తెలిసీ బస్తా ఎత్తితిని గదా, పటేలు కొడుకు ఎత్తమంటే ఎత్తనని చెప్పకపోతిని గదా, బొప్పాయి తింటిని గదా, అత్తతో కొట్లాడి ఆ కోపంలో నీళ్ళు తోడితిని గదా, తెలిసీ తెలియక అంటే ఇదే గదా. అట్లా ఒక్కొక్కరే, ఎవరూ తీర్పు చెప్పకుండానే, ఎవరూ అడగకుండానే వచ్చి వెనక చాప మీద కూర్చోవడం మొదలైంది. ముందు ఒకామె, ఆ తరువాత ఇద్దరు తోటికోడళ్ళు. పొట్టి చాప చాలక నేను దాని పక్కన ఇంకొకటి వేయవలసి వచ్చింది.

బాపుకు ఇదేమీ అంతుపట్టలేదు. ఇన్నాళ్ళూ తన మందలో ఇంత పాపం దాగి ఉన్నదా అని కుమిలిపోయాడు, వాక్యం తగిలి బయటపడుతున్నది కదా అని సంతోషపడ్డాడు కూడా. సంఘపెద్ద ఒకాయన, మీసాల మనిషి, అయ్యగారి ప్రసంగం మందులా పనిచేస్తున్నదని ఊరంతా చెప్పుకు తిరిగాడు. దాంతో బాపు తరువాతి వారం ఇంకా గట్టిగా చెప్పాడు. ఆయన గట్టిగా చెప్పినకొద్దీ చాప నిండింది, చాప నిండినకొద్దీ ఆయన గట్టిగా చెప్పాడు.

అవ్వకు మాత్రం ఏదో తేడా కొట్టింది. అవ్వ పెళ్ళికి ముందు మిషన్ దవాఖానలో కట్లు కట్టడం, మందులివ్వడం నేర్చుకున్న మనిషి. ఆమె మందుల పెట్టె కోసం చుట్టుపట్టు పల్లెల ఆడవాళ్ళు మా పెరటి తలుపు దగ్గరికి వచ్చేవాళ్ళు, మగవాళ్ళ చెవిన పడకూడని బాధలన్నీ అక్కడ చెప్పుకునేవాళ్ళు. ఆ వానాకాలం వాళ్ళ రాక తగ్గిపోయింది. వచ్చినా తలనొప్పి అనేవాళ్ళు, జ్వరమనేవాళ్ళు, పాలిపోయిన మొహాలతో గోడ పట్టుకుని నిలబడి, ఇంకేమీ లేదమ్మగారూ అని పోయేవాళ్ళు. అయ్యగారి పెండ్లానికి చెబితే అయ్యగారికి చెప్పినట్టే కదా. నేను కారణం తెలియక, నా ముడిచిన కనుబొమ్మలు చూసి జడుసుకున్నారేమో అని అంటే అవ్వ నవ్వలేదు.

ఇదంతా జరుగుతుండగానే వదినకు నెల తప్పింది. ఆ సంగతి అత్తకంటే ముందు నాకే చెప్పింది, బావి దగ్గర. సంతోషంగా చెప్పలేదు. "గిప్పుడే వద్దనిపిస్తుంది చెల్లె. మా అవ్వ నన్ను కనుకుంటనే పోయింది గదా, నాకు గదే యాదికొస్తది" అని కళ్ళు తుడుచుకుంది. తరువాత అవ్వకు తెలిసి, ఇంట్లో పాయసం వండి, బాపు కోడలి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే, వదిన కూడా కుదుటపడ్డట్టే కనిపించింది. మళ్ళీ నాతో ఆ మాట ఎత్తలేదు.

నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున వదిన నిండు బిందెతో వస్తూ బావి మెట్ల మీద పాచికి జారి పడింది. బిందె సొట్టపోయిందని బాధపడింది తప్ప దెబ్బ తగిలిందని అనలేదు. మర్నాటి నుంచి తన బట్టలు తానే ఉతుక్కుంటానని పట్టుబట్టింది. అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కదిలించేది. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలుతున్నది, అడిగితే జ్వరం అన్నది. ఆ జ్వరం అన్న మాట, గోడ పట్టుకుని నిలబడిన తీరు, పెరటి తలుపు దగ్గర నిలబడే ఆడవాళ్ళదే అని నాకు తట్టినప్పుడు నేను బడిలో ఉన్నాను. బడి పిల్లలను తొందరగా ఇంటికి పంపేసి వచ్చి చూస్తే వదిన గొంగడి కప్పుకుని మూలన ముడుచుకుని వణుకుతున్నది. కప్పుకున్నది తీస్తే కింద వేసుకున్న పాత చీర తడిసి నల్లబడి ఉంది.

నా మణికట్టు పట్టుకుంది. "మామకు చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత. నాకు వద్దనిపించింది గదా, దేవుడు విన్నడు. నేనే చేసిన. నన్ను గా చాప మీద కూసోబెడ్తరు, మీ అన్న మొగం ఎట్ల చూస్త" అన్నది. ఆమెకు చావంటే భయం లేకపోయింది. చచ్చాక తనను సమాధుల తోటలో కాక వాగు ఒడ్డున పెడతారని, అయ్యగారి కోడలే అంతటి పని చేసిందని జనం అనుకుంటారని, మామకు తలవంపులని, దానికి భయపడింది. నేను ఆ చెయ్యి విడిపించుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

అవ్వ వచ్చి చూసి, నీళ్ళు కాచమని నాకు చెప్పి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని ఎవరికి భయపడి దాచావని అడిగింది. వదిన, బాపు కూర్చుని ప్రసంగం రాసుకునే గది వైపు చూసింది. అవ్వకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయనుకుంటాను, పెరటి తలుపు దగ్గరి ఆడవాళ్ళు, వెనక చాప, అన్నీ. లేచి ఆ గదిలోకి పోయింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. కోడలి పరిస్థితి చెప్పగానే బాపు నోట వచ్చిన మొదటి మాట, "ఏమన్న మింగిందా?" అని.

అవ్వ ఆయన ముందున్న ప్రసంగం కాగితాలను పక్కకు నెట్టింది. "మింగలే. కాలు జారి పడ్డది. నీకు చెప్తే వెనక చాప, చెప్పకుంటె సావు. సావే మేలనుకున్నది నీ కోడలు. లేసి బండి కట్టియ్యి" అన్నది. మా అవ్వ బాపుతో అట్లా మాట్లాడడం నేను అంతకుముందు ఎరుగను.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ఇప్పుడు బస్సెక్కితే కునుకు తీసేలోపు దిగుతాం. ఆ రోజు ఎడ్లబండి మీద గడ్డి పరిచి, పైన తాటాకు కప్పు కట్టి, వదినను పడుకోబెట్టుకుని అక్కడి దవాఖానకు బయలుదేరితే వాన ముసురు వదలలేదు. లింగంపేట దాటాక అడవి. వాగు పొంగితే అవతల పడలేమని బండివాడు అంటుంటే అవ్వ కోడలి నాడి పట్టుకుని కూర్చుంది, నేను ఆమె కాళ్ళు రుద్దుతున్నాను, అవి ఎంత రుద్దినా చల్లగానే ఉన్నాయి. ప్రతి గతుకుకూ ఆమె ప్రాణం పోతుందని నాకు భయం. మూలుగు ఆగితే భయం, మూలిగితే భయం. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, పిల్లలకు చెప్పే అ ఆలే నోటికి వచ్చాయి.

బాపు మొదట బండి పక్కనే నడుస్తూ వచ్చాడు. ఒకచోట ఆగి, కప్పు కిందికి తొంగిచూసి ఎట్లుందని అడిగాడు. ఆ గొంతు వినగానే, అంతసేపూ కళ్ళు తెరవని వదిన ఉలిక్కిపడి లేచి కూర్చోబోయింది. చేతకాక పడిపోతూ కూడా కొంగు కోసం వెతుక్కుని మొహం కప్పుకుంది. బాపు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. ఆ తరువాత దారి పొడుగునా ఆయన బండి వెనక, ఆమె కంటికి కనిపించనంత దూరంలో, గొడుగు కూడా తెరవకుండా తడుస్తూ నడిచాడు. వాగు దగ్గర చక్రం ఇసుకలో దిగబడితే వచ్చి భుజం పెట్టి తోసి, బండి కదలగానే మళ్ళీ వెనక్కి పోయాడు.

రాత్రంతా నడిచి తెల్లవారే వేళకు దవాఖాన చేరాం. అన్న స్టేషను నుంచి పరుగెత్తుకు వచ్చి గోడకు తల కొట్టుకుంటుంటే అవ్వ గదిమింది. వదినను లోపలికి తీసుకుపోయిన చాలాసేపటికి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బతుకుతుందని చెప్పింది. అని ఊరుకోకుండా, నల్ల కోటు వేసుకుని తడిసి ముద్దై నిలబడిన బాపును చూసి, ఆయన ఎవరో తెలియక, గట్టిగా అడిగింది. "మీ ఎల్లారెడ్డి దిక్కు నుంచి ఈ వానకాలంల వచ్చిన ఆడోళ్ళందరు గిట్లనే పాణం మీదికి తెచ్చుకొని వస్తున్నరు. ఏమైందంటె జ్వరమంటరు. ఎవలు బెదిరిస్తున్నరు వాళ్ళను?"

బాపు తల దించుకుని, "నేనే, అమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ తిరిగి లోపలికి పోయింది. వరండాలో బెంచీ ఉన్నా బాపు నేల మీదే కూర్చున్నాడు. ఆమె చెప్పిన ఆడవాళ్ళంతా ఎవరెవరో, వెనక చాప మీద ఎవరు ఏ మూల కూర్చుంటారో ఆయనకు ఒక్కొక్కరే గుర్తుకు వస్తూ ఉండాలి. అవ్వ పోయి పక్కన కూర్చుంది.

వదిన దవాఖానలో ఉండగానే సంస్కారపు ఆదివారం వచ్చింది. ఆమె దగ్గర అన్నను ఉంచి మేం ఎల్లారెడ్డికి తిరిగి వచ్చాం. నేను చాపలు పరిచాను, వెనకవి కూడా. బాపు ఆ రోజు రాసుకున్న కాగితమేదీ తీయలేదు. నిలబడి, తన ఇంట్లో జరిగినది జరిగినట్టు చెప్పాడు. పడిపోతే కడుపు పోయినా, మోత మోస్తే పోయినా, జబ్బుతో పోయినా అది పాపం కాదని, తెలిసీ తెలియక అని తాను అన్న మాట తప్పని, అది దేవుని మాట కాదు తన మాటని అన్నాడు. అని, వెనక చాపల వైపు చెయ్యి చాచి, అటువంటివాళ్ళందరూ లేచి ముందుకు వచ్చి తమ తమ చోట్ల కూర్చోవాలని పిలిచాడు.

ముందుగా తోటికోడళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచారు. వాళ్ళ వెనక ఇంకొకామె, ఇంకొకామె. ఏడుస్తూ, ముక్కులు చీదుకుంటూ వచ్చి ఆడవాళ్ళ చాపల మీద కూర్చుంటుంటే, పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు. నాకు కూడా ఏడుపొచ్చింది. అంతా మంచిగా అయిపోయిందనుకున్నాను. అప్పుడు చూశాను, వెనక చాప మీద ఒకామె మిగిలిపోయింది.

మా బడిలో ముందు వరసలో కూర్చునే చిన్నదాని తల్లి ఆమె. మొగుడు కలరాకు పోయి ఏడాది దాటింది. లేవడానికి ఒకసారి చెయ్యి నేలకు ఆనించింది, మళ్ళీ తీసేసింది. పడిపోయో జబ్బుతోనో పోయిందని అబద్ధమాడి ముందుకు వచ్చి ఆ రొట్టె ముట్టుకునే ధైర్యం ఆమెకు లేకపోయిందనుకుంటాను. ఇన్ని వారాలూ నలుగురిలో ఒకతెగా కూర్చున్న మనిషి, ఇప్పుడు ఖాళీ చాప మధ్య ఒంటిగా కనపడిపోయింది. బాపు చేసింది దయే, కాని ఆ దయే ఆమెను అందరి కళ్ళ ముందు నిలబెట్టింది. ఒక్కొక్క తల వెనక్కి తిరిగింది. గుసగుస మొదలైంది. మీసాల సంఘపెద్ద గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆమెను బావి దగ్గరికి రానివ్వరు, కూలికి పిలవరు, పిల్లను బడి మాన్పిస్తారు, చస్తే వాగు ఒడ్డే. బాపు రొట్టె పళ్ళెం ఎత్తినవాడు మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. ఆయనకు తాను చేసిన పని అప్పుడే అర్థమైంది, ఏం చేయాలో మాత్రం అర్థం కాలేదు. నా చిన్న విద్యార్థిని అటూ ఇటూ చూసి, అందరూ తన తల్లినే ఎందుకు చూస్తున్నారో తెలియక, నా కొంగు పట్టుకుంది.

ఆడవాళ్ళ ముందు వరసలో అయ్యగారి భార్య చోటు ఒకటి ఉండేది. అవ్వ అందులోంచి లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మధ్యలో కూర్చున్నవాళ్ళను జరగమని చేత్తో సైగ చేస్తూ, నింపాదిగా వెనక దాకా నడిచిపోయి, ఆ చాప మీద ఆమె పక్కన కూర్చుంది. ఆమెను ముట్టుకోలేదు. పొలం గట్టు మీద అలసట తీర్చుకోవడానికి కూర్చున్నట్టు కూర్చుంది. సంఘపెద్ద అట్లాగే నిలబడ్డాడు, అయ్యగారి భార్య కూర్చున్న చాపను చూపిస్తూ ఏమనాలో ఆయనకు తెలియలేదు. "కూసో అన్నా, బల్ల చల్లగైతది" అన్నది అవ్వ, వెనక నుంచి. ఆయన కూర్చున్నాడు.

బాపు పళ్ళెం పట్టుకుని మగవాళ్ళకిచ్చాడు, ఆడవాళ్ళకిచ్చాడు. ఆడవాళ్ళ చివరి వరస దగ్గర ఎప్పుడూ వెనక్కి తిరిగేవాడు, ఆ రోజు తిరగక అక్కడే నిలబడిపోయాడు. నేను బాపు వీపే చూస్తున్నాను, ఆయన మొహం నాకు కనపడలేదు. చివరికి నాలుగడుగులు వేసి వెనక చాప దాకా పోయి వంగి పళ్ళెం చాపాడు. అవ్వ ఒక ముక్క తీసుకుని, దాన్ని రెండు చేసి, సగం పక్కనున్న ఆమె అరచేతిలో పెట్టింది. బాపు చూశాడు. వద్దనలేదు, తన చేత్తో ఆమెకు ఇవ్వనూ లేదు. తిరిగి బల్ల దగ్గరికి వచ్చి ప్రార్థన చెప్పాడు.

దాంతో బాపు మనసు మారిపోయిందని నేను చెప్పను, మారలేదు. కడుపు తీయడం పాపమనే ఆయన చివరి దాకా నమ్మాడు, అడిగినవాళ్ళకు అదే చెప్పాడు. అవ్వ ఏమి నమ్మిందో నాకు తెలియదు, ఆమెను ఎవరూ అడగలేదు. ఆ మధ్యాహ్నం అవ్వ వెనక చాపను చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చి, వాన తెరిపిచ్చాక దాని మీద మిరపకాయలు ఎండబోసింది. గుడిలో దాని చోట మళ్ళీ ఏదీ పరచమని బాపు నాకు చెప్పలేదు. పెరటి తలుపు దగ్గరికి ఆడవాళ్ళు మెల్లగా రావడం మొదలుపెట్టారు. ముందుగా వచ్చింది ఆ చిన్నదాని తల్లే, నిజంగానే జ్వరంతో.

వదిన తిరిగి వచ్చింది. ఆ తరువాత ఇద్దరు పిల్లల్ని కన్నది కూడా. కాని మామ గొంతు వినిపిస్తే ఉలిక్కిపడడం ఆమెకు పోలేదు. అందుకని బాపు ఇంట్లోకి వచ్చేటప్పుడు వాకిట్లోనే నిలబడి, వస్తున్నానని తెలిసేటట్టు దగ్గి, ఆమె కొంగు సర్దుకునేంతసేపు ఆగి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. బతికినన్నాళ్ళూ అట్లాగే వచ్చాడు. చివరి రోజుల్లో మంచంలో పడితే గంజి తాగించింది వదినే.

మొన్న ఆదివారం నీళ్ళు తాగాక నాకు కొంచెం నిలకడ వచ్చింది. మైకులో ప్రసంగం సాగుతూనే ఉంది, ఆ కోడలు పిల్ల మెట్టు మీద అట్లాగే ఉంది. కుర్చీ బయటికి వెయ్యమంటే, మనవరాలు ఎండ అంటుంది, నానమ్మా ఎందుకంటుంది. నోరు మూసుకుని వెయ్యి అన్నాను. చెప్పులన్నీ ఒక పక్కకు నెట్టించి, ఆ పిల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. కింద కూర్చుందామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. లోపల పాట మొదలయ్యాక ఆ పిల్ల కొంగుతో మొహం తుడుచుకుని, ఏ ఊరమ్మా మీది అని అడిగింది. ఎల్లారెడ్డి అని చెప్పాను.

ఇప్పుడు గుడి పెద్దదైంది, గచ్చు నేల, ఫ్యాన్లు, అందరికీ ఒకే రకం ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వెనక తేడా లేదు. వెనక చాప సంగతి చెబితే మా మనవరాలు నమ్మలేదు, అంత మోటుగా ఉండేవాళ్ళా మీరు అంది. నిజమే, ఇప్పుడు ఎవరినీ లేచి వెనక కూర్చోమని ఎవరూ అనరు. ఎవరికి వాళ్ళే లేచి బయటికి పోయి కూర్చుంటున్నారు, కూర్చున్నది కూడా ఎవరికీ కనపడదు. అవ్వ ఉంటే నాకంటే ముందే లేచి ఉండేది.